ఆల్బియన్ థియేటర్ ఇంటూ అక్క

హెట్టీ పెన్‌ఫోల్డ్ సాయంత్రం భోజనానికి బూట్లతోనే కూర్చునేది. బూట్లే కాదు, ముక్కు మీద ఎర్ర రంగు, నెత్తిన పాచిపనుల ముసలమ్మలు పెట్టుకునే నల్లటోపీ, భుజాల మీద చిరిగిన శాలువా, అన్నీ తగిలించుకునే ఉడకేసిన దుంపలు తినేది. ఉల్లిపాయ దగ్గరికి రానిచ్చేది కాదు, పాట మధ్యలో తేన్పు వస్తుందని భయం. ఎదురుగా ఆమె మొగుడు ఎర్నీ, గ్యాసు గొట్టాలు బిగించే పని నుంచి వచ్చి, మసి చేతులు కడుక్కుని కూర్చునేవాడు. నేను వాళ్ళింట్లో మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. పనికి పోతూ వంటగదిలోకి తొంగి చూస్తే రోజూ ఇదే దృశ్యం.

“సర్కస్‌కి టికెట్టు కొనుక్కునేవాళ్ళు వెర్రివాళ్ళు నెల్. నాకు చూడు, భోజనంతో పాటు ఊరికే వస్తోంది” అనేవాడు ఎర్నీ నాతో.

“నోరు మూసుకుని తినవయ్యా. చల్లారిపోతోంది” అనేది హెట్టీ, ఎర్రముక్కు కదుపుతూ.

దీనికంతటికీ కారణం మా వీధి మొగలో ఉన్న ఆల్బియన్. ఇప్పటివాళ్ళకి ఆ పేరు చెబితే తెలియదు. కెల్‌స్టన్ గ్రీన్‌లో ఎవర్నడిగినా “ఓ, ఆ పెట్రోలు బంకు దగ్గరా?” అంటారు. బంకు దగ్గర కాదు, బంకు కిందే ఉంది మా బతుకంతా. దాన్ని కట్టించినవాడు ఒక సారాబట్టీల షావుకారు. లండన్ నడిబొడ్డుకి వెళ్ళి పాటలు వినే తీరిక లేని మాలాంటి ట్రాము చివరి స్టాపు జనానికి, పాటలు ఎర చూపించి బీరు అమ్ముకుందామని కట్టించాడు. అందుకే ఆ హాల్లో తలుపులకన్నా బార్లు ఎక్కువ. గోడల నిండా సున్నపు దేవదూతలు. మొదటి యుద్ధం అయ్యేసరికి సగం మందికి ముక్కుల్లేవు. ఒకసారి ఏనుగుల ఆట తెచ్చారు. ఒక ఏనుగు వెనక తలుపులో ఇరుక్కుపోతే దాన్ని బయటికి లాగడానికి మా వీధి మగాళ్ళంతా వెళ్ళారు. అది బయటికి రాలేదు, తలుపే వచ్చింది.

నేను అక్కడ కింది బారులో గ్లాసులు కడిగి బీరు పోసేదాన్ని. బారుకి, హాలుకి మధ్య అద్దం గోడ ఉండేది. తాగేవాడు తాగుతూనే ఆట చూడొచ్చు. వాళ్ళతో పాటు నేనూ చూసేదాన్ని. ఒకే ఆట సాయంత్రానికి రెండుసార్లు, వారానికి ఆరు రోజులు. నవ్వు ఎక్కడొస్తుందో ముందే తెలిసిపోయి, నవ్వడం మర్చిపోయిన మనిషిని నేను.

ఆల్బియన్‌లో కార్యక్రమం ఎలా నడిచేదంటే, మోళీవాడు, పాటగత్తె, గడల మీద నడిచేవాడు, కుక్కల్ని ఆడించేవాడు, ఇలా ఒకరి తర్వాత ఒకరు. ఒక్కొక్కరికీ ఒక నంబరు. స్టేజికి అటూ ఇటూ చెక్క ఫ్రేములో ఆ నంబరు దీపాల్లో వెలిగేది. చేతిలో ఉన్న ప్రోగ్రాం కాగితంలో ఆ నంబరు వెతుక్కుంటే పేరు ఉంటుంది. మరి రావలసినవాడు రాకపోతే? రైలు తప్పిపోయినవాడు, తాగి పడిపోయినవాడు, పెళ్ళాంతో కొట్టుకుని అలిగినవాడు, ఇలాంటివాడు వారానికొకడైనా ఉండేవాడు. అప్పుడు నంబరు బదులు ఇంటూ గుర్తు వెలిగేది. కాగితంలో లేని మనిషి వస్తోందని దాని అర్థం. మా ఆల్బియన్‌లో ఆ ఇంటూ గుర్తు అంటే హెట్టీ పెన్‌ఫోల్డ్.

ఆమె అంతకుముందు బట్టలు ఉతికే కార్ఖానాలో ఇస్త్రీ చేసేది. శనివారాలు మూలనున్న సారాకొట్టులో, చేతుల మధ్య సాగదీసి వాయించే చిన్న తిత్తి పెట్టె పట్టుకుని సరదాకి పాడేది. ఒక శనివారం ఆల్బియన్‌లో బొమ్మతో మాట్లాడే మనిషి స్టేజి ఎక్కే ముందు బొమ్మతోనే గొడవపడి కూలబడ్డాడు. అంత తాగాడు. స్టేజి మేనేజరు క్రాడాక్ సారాకొట్టులోకి పరుగెత్తుకొచ్చి, ఎవరు దొరికితే వాళ్ళని లాక్కెళ్ళాడు. దొరికింది హెట్టీ. రెండు పాటలు పాడింది. ఒకటి మొగుడి కోసం కొన్న చేపని పిల్లి తినేసిన పాట. రెండోది ఇల్లుగలావిడ గుమ్మం తుడుస్తూ ఊరందరి గుట్టూ చెప్పే పాట. జనం విరగబడి నవ్వారు.

మర్నాడు క్రాడాక్ మాట్లాడుకున్నాడు. ప్రతి సాయంత్రం వేషం వేసుకుని ఇంట్లో సిద్ధంగా ఉండాలి. ఊరు దాటకూడదు. అవసరమైతే స్టేజి గుమ్మం కాపలాదారు గాస్లింగ్ వచ్చి తలుపు కొడతాడు, కొట్టగానే పెట్టె పట్టుకుని బయల్దేరాలి. ఇంతే ఒప్పందం. చెప్పుకోవడానికి బాగానే ఉంది. చేసి చూస్తే తెలుస్తుంది.

ముప్పై ఏళ్ళు ఆవిడ సాయంత్రం పూట ఆల్బియన్‌కి తప్ప గడప దాటలేదు. ఎర్నీ చెల్లెలు మార్గేట్ సముద్రపు ఒడ్డున ఉండేది. రమ్మని రమ్మని విసిగిపోయింది. ఒక వేసవిలో వెళ్ళారు కానీ, మధ్యాహ్నానికే హెట్టీ గడియారం చూడటం మొదలుపెట్టింది. సముద్రంలో కాళ్ళు తడవకముందే తిరుగు రైలు. చుట్టాల పెళ్ళిళ్ళలో కేకు కోసే వేళకి వీళ్ళు ఉండేవారు కాదు. సినిమా లేదు, షికారు లేదు. గాస్లింగ్‌కి యుద్ధంలో ఒక చెయ్యి పోయింది. ఉన్న చేతిలో చేతికర్ర ఉండేది, దాంతో తలుపు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. ఆ చప్పుడికి హెట్టీ నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని లేచేది.

“నా పెళ్ళానికి సాయంత్రం మొగుడు వేరే ఉన్నాడు నెల్. ఆ ఆల్బియన్‌గాడు. వాడు తాళి కట్టలేదు గానీ, కాపురం మాత్రం వాడితోనే” అనేవాడు ఎర్నీ. నవ్వుతూనే అనేవాడు కానీ, అది నవ్వులాట కాదని ముగ్గురికీ తెలుసు.

ఇంత కష్టపడిన మనిషికి దక్కిందేమిటంటే, మూలుగు. ఇది చూడనివాళ్ళకి అర్థం కాదు. ఇంటూ గుర్తు వెలగగానే హాలు మొత్తం “హూఁ...” అని మూలిగేది. జనం తప్పేముంది? ఎవరినో చూద్దామని వచ్చారు, ఆ ఎవరో రాలేదు. పిలవని పేరంటానికి వచ్చినట్టు, ఆ మూలుగులోకి హెట్టీ నడిచి రావాలి. వచ్చి, మొదటి పాట సగమయ్యేసరికి వాళ్ళ మొహాలు విప్పించాలి. విప్పించేది కూడా. పై గ్యాలరీలో కుర్రాళ్ళు “ఓయ్, మన ఇంటూ అక్క వచ్చిందిరోయ్!” అని కేకలు పెట్టేవారు. పిల్లి పాటకి గొంతు కలిపేవారు. కానీ ముందు ఆ మూలుగు మాత్రం తప్పేది కాదు. యుద్ధం రోజుల్లో బాంబులకి రైళ్ళు ఆగిపోయి, ఆవిడ దాదాపు రోజూ స్టేజి ఎక్కేది. రోజూ మూలుగే.

ఒక ఆదివారం పెరట్లో బట్టలు ఆరేస్తూ నాతో అంది.

“నీకేం నెల్, బీరు పోస్తావు, తీసుకుని సంతోషిస్తారు. నేను ఎక్కడ అడుగుపెట్టినా ముందు ఎవరో రానందుకు ఏడుపు వినాలి. నాకొకటే కోరిక. ఒక్కసారి నా నంబరు వెలగాలి. కాగితంలో చూసుకుని ‘ఓ, హెట్టీ పెన్‌ఫోల్డా’ అనుకోవాలి. చప్పట్లు కూడా వద్దు. మూలగకుండా ఉంటే చాలు.”

“మరి అడగవే క్రాడాక్‌ని.”

“అడగలేదనుకున్నావా?”

అడిగింది. చాలాసార్లు. క్రాడాక్ చెడ్డవాడు కాదు, కానీ ఆయనకి తాళ్ళూ తెరలే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. “నిన్ను కాగితంలో ఎక్కిస్తాను, సరే. ఆ వారం ఎవరైనా ఎగ్గొడితే ఎవరిని పిలవమంటావు? నువ్వు కాగితంలో ఉంటే నీ చోట కాపలా ఎవరుంటారే తల్లీ?” ఆవిడ పనికొస్తుంది కాబట్టే ఆవిడకి పేరు లేదు. పనికిరాని వాళ్ళ పేర్లు మాత్రం గోడల నిండా అంటించేవారు. నాకు ఆ గోడలు చూస్తే ఒళ్ళు మండేది.

తర్వాత రోజులు మారాయి. మారడమంటే చావడం. టెలివిజన్ వచ్చింది. మునుపు ఒక మనిషి ఒకే పాట పట్టుకుని ఊరూరా తిరుగుతూ ముసలివాడైపోయేవాడు. ఇప్పుడు ఒక్కసారి ఆ పెట్టెలో పాడితే దేశమంతా చూసేసి, మర్నాటికి “అదా, విన్నాంలే” అంటోంది. ఆల్బియన్‌లో కుర్చీలు ఖాళీ. ఖాళీ నింపడానికి బట్టల్లేని ఆడపిల్లల్ని బొమ్మల్లా నిలబెట్టే ఆటలు తెచ్చారు. కదిలితే చట్టం ఒప్పుకోదట, కదలకపోతే మర్యాదేనట! శీతాకాలంలో ఆ పిల్లలకి ముక్కు కారినా తుడుచుకునే వీల్లేదు. పాపం, తెర పడగానే బారులోంచి వేడి సూపు పంపేదాన్ని. పైకప్పు కారేది, సున్నపు దేవదూతల రెక్కలు ఒక్కొక్కటే జనం నెత్తిన రాలేవి. చివరికి సొంతదార్లు స్థలం అమ్మేశారని తెలిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అదే వారం నా మోకాలు కూడా వాచింది.

ఆఖరి శనివారం వీడ్కోలు కార్యక్రమం పెట్టారు. ఆ ఒక్క రోజుకి, ఒక్క ఆట. క్రాడాక్ తనే మా ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. టోపీ తీసి వంటగదిలో నిలబడ్డాడు.

“హెట్టీ, ఇంకేముంది కాపాడటానికి. సోమవారానికి అక్కడ తాళం. నీ పేరు వేయించాను. తొమ్మిదో నంబరు.”

హెట్టీ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. “తొమ్మిదా? ఆఖర్న వచ్చే పెద్ద పాటగాడికి ముందరా?”

“అవును, సరిగ్గా ముందే. నీకు ఇష్టం లేకపోతే...”

“ఇష్టం లేదని ఎవరన్నారయ్యా!” అని అరిచింది హెట్టీ కాదు, ఎర్నీ.

పోస్టర్లు అంటించిన రోజున ఎర్నీ పని మానుకుని ఊరంతా తిరిగాడు. రైల్వే వంతెన దగ్గర ఒకటి, మాంసం కొట్టు పక్కన ఒకటి, ట్రాము షెడ్డు గోడ మీద ఒకటి. హెట్టీ పేరు అట్టడుగున, అచ్చు వేసినవాడి పేరుకి కాస్త పైన ఉంది. ఎర్నీ ప్రతి పోస్టరు దగ్గరా నిలబడి, వేలు పెట్టి చదివి వచ్చాడు. “అన్ని చోట్లా ఉంది” అని చెప్పాడు, ఒక చోట ఉండి ఇంకో చోట ఉండదేమో అన్నట్టు.

శనివారం వచ్చేసరికి పొగమంచు దిగింది. మా లండన్ మంచు అంటే మసి కలిసిన పసుప్పచ్చ మంచు. చెయ్యి చాపితే వేళ్ళు కనిపించవు. బస్సులు ముందు మనిషి దీపం పట్టుకుని నడిస్తే వెనక పాక్కుంటూ వచ్చాయి. అయినా ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ కదా, హాలు నిండిపోయింది. ఇన్నేళ్ళు రానివాళ్ళంతా వచ్చారు. ఎక్కడెక్కడి నుంచో మంచి కోట్లు వేసుకుని వచ్చి “అయ్యో, ఎంత అందమైన హాలు, కూల్చేస్తారా” అని నా బారులో కన్నీళ్ళు పెట్టుకున్నారు. వారానికొక టికెట్టు కొనుంటే కూల్చేవాళ్ళు కాదుగా అని నాలిక చివరిదాకా వచ్చింది. బీరు పోశాను.

ఎర్నీ పై గ్యాలరీలో మా వీధివాళ్ళు నలుగురితో కూర్చున్నాడు. పెళ్ళి కోటు వేసుకున్నాడు. గుండీలు పట్టలేదు.

మొదటి నంబరు దొమ్మరివాళ్ళు పల్టీలు కొట్టి వెళ్ళిపోయారు. మూడో నంబరు సైకిళ్ళ మీద విన్యాసాలు చేసేవాళ్ళు. వాళ్ళకి స్టేజి మీద చెక్క పలకలు పరవాలి. పరుస్తుండగా ముందు తెర దించి, దాని ముందు రెండో నంబరు మనిషి నిలబడి హాస్యకథలు చెప్పాలి. ఆ మనిషి రాలేదు. ఆయన కారు మంచులో ఏ కాలవలో పడిందో ఎవరికీ తెలియదు. బ్యాండువాళ్ళు ఒకే బాణీ తిప్పి తిప్పి వాయిస్తున్నారు. జనం కాళ్ళు టపటపలాడించడం మొదలుపెట్టారు.

లోపల ఏం జరిగిందో తర్వాత గాస్లింగ్ చెప్పాడు. క్రాడాక్ పలకల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, “ఎవరో ఒకరు ముందుకు వెళ్ళండ్రా బాబూ!” అని కేక పెట్టాడు. ఎవరికీ పేరు పెట్టి చెప్పలేదు. గాస్లింగ్ వీధిలోకి పోబోయాడు, అలవాటు కొద్దీ. హెట్టీ లోపలే ఉందని గుర్తొచ్చి, వెనక్కి తిరిగి, ఆమె కూర్చున్న గది తలుపు మీద కర్రతో రెండు దెబ్బలు కొట్టాడు. హెట్టీ అప్పుడు టీ తాగుతోంది. కప్పు కింద పెట్టింది, పెట్టె తీసుకుంది, నడిచింది. గానుగెద్దుకి కాడి చూపించక్కర్లేదు. దీపాల దగ్గరున్నవాడు ఆమెని చూశాడు, చెయ్యి దానంతటదే వెళ్ళి ఇంటూ గుర్తు వెలిగించింది.

అద్దంలోంచి నేను చూశాను. ఇంటూ గుర్తు. “హూఁ...” అని మూలుగు. ఆ మూలుగులోకి ఎర్రముక్కుతో హెట్టీ.

“ఒసే పిచ్చిమొహమా, ఇవాళ కాదే!” అన్నాను, పైకే. ఎదురుగా బీరు కోసం నిలబడ్డ పెద్దమనిషి తననే అన్నానని ఉలిక్కిపడ్డాడు.

ఆవిడ ఎప్పుడూ అంత బాగా చెయ్యలేదు. పిల్లి పాటకి హాలంతా ఊగిపోయింది. గుమ్మం పాటకి మంచి కోట్లవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. రెండు పాటలూ అయ్యాయి. దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళింది. ఆవిడ దగ్గరున్నవి ఆ రెండే.

లోపల క్రాడాక్ నెత్తి పట్టుకున్నాడు.

“నువ్వెందుకు వెళ్ళావే?”

“గాస్లింగ్ తలుపు కొట్టాడు.”

“నువ్వెందుకు కొట్టావురా?”

“ఎవరో రాలేదు కదండీ” అన్నాడు గాస్లింగ్.

క్రాడాక్ అన్న తర్వాతి మాట నేను రాయలేను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కాసేపటికి చల్లబడి, “పోనీ, తొమ్మిదో నంబరు ఎత్తేద్దాం హెట్టీ. ఎవరూ పట్టించుకోరు. పదికి వెళ్ళిపోతాం” అన్నాడు.

“ఎత్తెయ్యడానికి వీల్లేదు” అంది హెట్టీ. గాస్లింగ్ అంటాడు, ఆ గొంతు తనెప్పుడూ వినలేదట. “అవే పాటలు మళ్ళీ పాడతాను. తిడితే తిట్టనీ. నా నంబరు మాత్రం వెయ్యి.”

వేశాడు. స్టేజికి రెండు పక్కలా తొమ్మిది వెలిగింది. నేను గ్లాసులు వదిలేసి, అద్దం పక్కనున్న తలుపు తెరుచుకుని హాల్లో నిలబడ్డాను. హాలంతా కాగితాలు తిప్పుకున్న చప్పుడు. తొమ్మిది, తొమ్మిది, హెట్టీ పెన్‌ఫోల్డ్. నా ముందు వరుసలో ఒకావిడ పక్కావిడతో, “పెన్‌ఫోల్డట. ఇంత వెనక పెట్టారంటే పేరున్నావిడే అయ్యుంటుంది” అంది. ఎవరూ మూలగలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. తెర వెనక నిలబడి ఆవిడ అది విన్నది. ఎంతసేపు? ఒక గుక్క నీళ్ళు మింగేంతసేపు.

తర్వాత బయటికి వచ్చింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అదే ముక్కు, అదే టోపీ. అప్పుడు గ్యాలరీలోంచి ఎవడో అరిచాడు, “అయ్యో రామా, ఈవిడ కూడా రాలేదా!” అని. అరిచినవాడు మా పేటవాడు కాదు. దాంతో హాలంతటికీ అర్థమైపోయింది. పాపం ఆ హెట్టీ పెన్‌ఫోల్డ్ ఎవరో మంచులో చిక్కుకుపోయింది, మళ్ళీ ఈ ఇంటూ ఆవిడనే పంపారు. “హూఁ...” అని మూలిగారు. హాలు హాలంతా. నవ్వుతూనే మూలిగారు, కానీ మూలిగారు.

హెట్టీ ముందుకు వచ్చింది. “నేనేనండీ హెట్టీ పెన్‌ఫోల్డ్‌ని” అంది.

అంత నవ్వు ఆల్బియన్‌లో నేనెప్పుడూ వినలేదు. కుర్చీల చేతులు బాదుకుంటూ నవ్వారు.

“నిజంగా నేనే” అంది. ఇంకా నవ్వారు.

ఎర్నీ పైన లేచి నిలబడ్డాడు. “ఆవిడేనయ్యా! పెన్‌ఫోల్డే! నా పెళ్ళాం!” అని గొంతు చించుకున్నాడు. మా వీధివాళ్ళు కూడా “అవును, అవును” అని అరిచారు. “అయితే మాక్కూడా పెళ్ళామేలే, కూర్చో తాతా!” అని ఎవడో అన్నాడు. ఇక నవ్వులకి పైకప్పు ఎగిరిపోయినంత పనైంది. అదంతా ఆవిడ కావాలని కట్టిన ఆట అనుకున్నారు. క్రాడాక్ బయటికి వచ్చి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మహానుభావుడు మళ్ళీ ఏ పలక కిందో దూరి ఉన్నాడు. ఇప్పటికీ ఆయన్ని నేను క్షమించలేదు.

హెట్టీ నిలబడి ఉంది. రంగు కింద ఆవిడ మొహం ఎలా ఉందో నాకు కనిపించలేదు. కానీ చేతులు తెలుసు నాకు. ఆ తిత్తి పెట్టెని పసిపిల్లని పట్టుకున్నట్టు కడుపుకి అదుముకుంది. ఇంకోసారి చెప్పొచ్చు. ముక్కు తుడుచుకుని, టోపీ తీసి, వేషం విప్పి చెప్పొచ్చు. అప్పుడు నవ్వు ఆగిపోయేది. హాలంతా సిగ్గుపడేది. వచ్చిన నవ్వుని చంపుకునే మనిషి ఆ వృత్తిలో ముప్పై ఏళ్ళు ఉండదు.

“సరే, ఆవిడ రాలేదు” అంది చివరికి. “బయట మంచు చూశారుగా. ఈ పూటకి నాతో సర్దుకుపోండి. పాట మీకు వచ్చు కదా, మీరే పాడండి, నేను వాయిస్తాను.”

హాలంతా పిల్లి పాట పాడింది. కిందా, పైనా, బారులోనూ పాడారు. నేను పాడలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండిట్లో ఏది ముందో తెలియలేదు. ఎర్నీ మెట్లు దిగి వచ్చి నా బారు ముందు నిలబడి, “చూశావా నెల్, చూశావా” అన్నాడు.

ఆ ఏడు చివరికల్లా ఆల్బియన్‌ని కూల్చేశారు. ముందు కుర్చీలు పోయాయి, తర్వాత ఇత్తడి కడ్డీలు, తర్వాత గోడలు. రోజంతా దుమ్ము. మా కిటికీలు, మా బట్టలు, మా దుంపలు, అన్నిటి మీదా ఆ హాలు దుమ్మే. నేను వేరే చోట గ్లాసులు కడగడానికి కుదిరాను. హెట్టీకి సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. ఎర్నీ మార్గేట్ వెళ్దామన్నాడు. వెళ్ళారు, రెండు వారాలు ఉండొచ్చారు. ఎలా ఉందని అడిగితే, “సముద్రం పెద్దగా ఉంది. అలిసిపోయాను” అంది.

ఒక పొద్దున రొట్టెల కొట్టు దగ్గర వరసలో నేనూ, హెట్టీ నిలబడ్డాం. మా ముందు ఒకావిడ, రైల్వే వంతెన అవతలి నుంచి వచ్చినట్టుంది, ఎప్పుడూ చూడలేదు. దుమ్ముకి దగ్గుతూ మాట కలిపింది.

“ఆ ఆఖరి ఆటకి వచ్చానమ్మా నేను, మా ఆయనతో. ఎంత నవ్వామో. మీరు చూశారా?”

“చూశాం” అన్నాను.

“ఒకటే లోటు. ఆ హెట్టీ పెన్‌ఫోల్డ్ అని ఒకావిడ రావలసింది, మంచులో రాలేకపోయింది. మా ఆయన ఇప్పటికీ అంటాడు, అందరినీ చూశాం గానీ ఆవిడని చూడలేకపోయామే అని. ఎలా ఉండేదో ఏమో.”

నేను నోరు తెరిచాను. హెట్టీ నా మణికట్టు పట్టుకుంది, గట్టిగా. ముక్కుకి రంగు లేదు, నెత్తిన టోపీ లేదు, ఎవరికీ తెలియని మామూలు ఆడమనిషి.

“నేను విన్నానమ్మా ఆవిడ పాట” అంది. “చాలా బాగా పాడుతుంది.”